రిజిస్టరులో లేని గడి

జనన మరణాల నమోదు కార్యాలయంలో మూడో కిటికీ వెనక కూర్చునే ఆవిడను అందరూ పేర్లక్క అనేవాళ్ళు. పుట్టిన బిడ్డకు పేరు రాయించాలంటే ఆమె కిటికీ ముందే నిలబడాలి. చావులు రెండో కిటికీలో, పెళ్ళిళ్ళు నాలుగో కిటికీలో. "అటు ఏడుపులు, ఇటు ముసిముసి నవ్వులు, మధ్యలో చంటిపిల్లల కేకలు. నా చెవులకు తీరికెక్కడిది?" అనేది ఆవిడ.

ముప్ఫై నాలుగేళ్ళు ఆ కిటికీ వెనకే గడిచాయి. మొదట్లో సిరా కలం, అద్దుడు కాగితం. తరువాత బాల్‌పెన్ను. ఆ తరువాత కంప్యూటరు వచ్చింది. కంప్యూటరు వచ్చాక కూడా ఆమె కుడిచేతి మధ్యవేలు మీద కలం ఒత్తిన కాయ అలాగే ఉంది. ఎందుకంటే ఆమె ప్రభుత్వం అడగని ఒక రాత పని నెత్తిన వేసుకుంది. పేరు రాసిన ప్రతి బిడ్డ తల్లిదండ్రులనూ ఆ పేరుకు అర్థమేమిటో, ఎందుకు పెట్టారో అడిగి, సొంత నోటుపుస్తకంలో రాసుకునేది. ఎవరూ చెయ్యమనలేదు. చెయ్యొద్దన్నవాళ్ళు మాత్రం ఉన్నారు.

ఆ పని ఎలా మొదలైందో చెప్పాలి.

ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట ఒక వానాకాలంలో రికార్డు గదిలోకి నీళ్ళు దిగాయి. కింది అరల్లోని పాత రిజిస్టర్లన్నీ పైకెక్కించాల్సి వచ్చింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని రిజిస్టర్లు మోస్తూ ఉండగా, తను పుట్టిన సంవత్సరం వేసి ఉన్న అట్ట కనిపించింది. చేతులు తుడుచుకుని తెరిచింది. తన పేజీ దొరికింది. తండ్రి సంతకం, పక్కనే తన పేరు. చిన్నప్పటినుంచీ ఆమె మోస్తున్న ఆ పేరుకు అర్థం ఒక్కటే: ఇక చాలు.

నాలుగో ఆడపిల్ల. అర్థం ఎవరికీ విప్పి చెప్పాల్సిన పనిలేదు. బడిలో అన్నం పెట్టేటప్పుడు ఆమె పేరు పిలిస్తే వడ్డించేవాళ్ళు గరిటె ఆపేసేవాళ్ళని పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే ఇంకా నవ్వుతారు కదా.

కానీ ఆ రోజు, చెమ్మ వాసన కొడుతున్న కాగితం మీద, తను అప్పుడు రాస్తున్నట్టే ఎవరో గుమస్తా గుండ్రటి అక్షరాల్లో ఆ మాట రాసి ఉండటం చూసి, పేజీని వెలుతురు వైపు తిప్పింది. ఆ గుమస్తా ఒక్క క్షణమైనా కలం ఆపాడా అనుకుంది. ఆగిన గుర్తేమీ లేదు. అక్షరాలు నున్నగా సాగిపోయాయి.

ఆఫీసు అయ్యాక తిన్నగా తల్లి దగ్గరికి వెళ్ళింది. తండ్రి పోయి అప్పటికి రెండేళ్ళు. తల్లి వాకిట్లో బట్టలు మడతపెడుతోంది.

"అమ్మా, నా పేరు నిజంగా విసుగొచ్చే పెట్టారా?"

తల్లి మడతపెడుతున్న దుప్పటి ఆపలేదు. "ఔను."

"ఔనంటావేంటే!"

"మరేమనమంటావ్? అబద్ధం చెప్పమంటావా? నువ్వు పుట్టావని చెప్పగానే మీ నాన్న ఆ మాటే అన్నాడు. అదే రాయించి వచ్చాడు. నాకూ ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు, నీ మీదే. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు."

తల్లి దుప్పటి రెండో కొస అందించి పట్టుకోమంది. ఇద్దరూ చెరో వైపు లాగి మడిచారు.

"పేరైతే పెట్టారు. తరువాత ఇంకో ఇద్దరు పుట్టలేదూ? పేరు మాట ఎవరు విన్నారే పిల్లా?"

ఆమెకు నవ్వాగలేదు. తల్లీ నవ్వింది. నవ్వు తగ్గాక తల్లి అంది: "ఒకటి చెబుతాను విను. ఆ పేరు ఆ ఒక్క రోజుది. వారం తిరక్కుండానే నిన్ను చంకలోంచి దించనిచ్చేవాడు కాదు మీ నాన్న. నీకు నలత చేస్తే ఆయన అన్నం మానేసేవాడు. ఇది రాయడానికి మీ రిజిస్టరులో గడి ఉందా?"

లేదు. పుట్టిన తేదీ, వేళ, చోటు, తల్లి, తండ్రి, వృత్తి, బిడ్డ పేరు. అంతే.

మర్నాడు ఆఫీసుకు వస్తూ దారిలో ఒక నోటుపుస్తకం కొంది. మొదటి కాన్పు బిడ్డను ఎత్తుకుని వచ్చిన ఒక జంటను, పేరు రాశాక, "దీనికి అర్థమేంటండీ?" అని అడిగింది. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. "మా ఆయన వాళ్ళ తాత పేరండీ" అంది ఆ అమ్మాయి. "తాతకెందుకు పెట్టారో?" అని అడిగింది. వాళ్ళకు తెలీదు. తెలీదనే రాసుకుంది.

ఆ ఊళ్ళో ఓడరేవు ఉంది, దాన్ని అంటిపెట్టుకుని రకరకాల పనులున్నాయి. పనుల కోసం నాలుగు దిక్కులనుంచీ జనం వచ్చేవాళ్ళు. ఒక్కొక్కరిది ఒక్కో భాష, ఒక్కో లెక్క. పుట్టిన వారాన్నిబట్టి పేరు పెట్టేవాళ్ళున్నారు. వాళ్ళలో ఒక ఇంట్లో ముగ్గురు పిల్లలూ మంగళవారమే పుట్టి తల్లి ప్రాణం మీదికి తెచ్చారు. పిలిస్తే ముగ్గురూ పలుకుతారు, లేదా ముగ్గురూ పలకరు. దిష్టి తగలకూడదని బిడ్డకు చేదు అనో, చెత్త అనో అర్థం వచ్చే పేరు పెట్టి, లోపల ముద్దుపేరు ఒకటి దాచుకునేవాళ్ళున్నారు. ఇరుగుపొరుగు మీద కోపం బిడ్డ పేరులో తీర్చుకునేవాళ్ళు కూడా వచ్చారు. ఒకావిడ కూతురికి పెట్టిన పేరుకు అర్థం "అనుకోనీ". "వాకిట్లో నిలబడి పిల్లను గట్టిగా పిలుస్తాను మేడమ్, ఎవరికి తగలాలో వాళ్ళకు తగుల్తుంది" అందావిడ చల్లగా. ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నదమ్ములు బిడ్డ పుట్టినరోజే కలిస్తే "తగువు తీరింది" అని పెట్టారు మరొకరు. వాడు పెరిగి పెద్ద తగువులమారి అయ్యాడని తరువాత తెలిసింది.

ఒకసారైతే ఒకే పూట ఇద్దరు తండ్రులు వచ్చి ఒకే పేరు చెప్పారు. ఒకరి భాషలో దానికి మొగ్గ అని అర్థం, ఇంకొకరి భాషలో సుత్తి. ఇద్దరూ కిటికీ ముందు పక్కపక్కనే నిలబడి ఒకరి బిడ్డను ఒకరు అనుమానంగా చూసుకున్నారు. ఆ రోజు ఇంటికెళ్ళి భర్తకు చెబితే అతను కాఫీ పొలమారేంత నవ్వాడు.

ఆమె భర్త గడియారాలు బాగుచేసేవాడు. నెమ్మదస్తుడు. పెళ్ళైనప్పటినుంచీ ఆమెను "ఇదిగో" అనే పిలిచాడు. "నా పేరు నచ్చకేగా?" అని ఒకసారి నిలదీస్తే, "నచ్చక కాదు, వాడితే అరిగిపోతుందని" అన్నాడు కంటికి పెట్టుకున్న భూతద్దం తియ్యకుండానే. ఆమె ఇద్దరు పిల్లలకూ పేర్లు పెట్టింది మాత్రం అతనే. అర్థం ఏమిటని ఆమె అడగనక్కరలేకుండా రెండేసి పేజీలు రాసిచ్చాడు.

ఆఫీసులో పై అధికారులు మారినప్పుడల్లా నోటుపుస్తకం సంగతి పైకొచ్చేది. "వరస నత్తనడక నడుస్తోంది. మీ ఆరాలేంటమ్మా?" అన్నాడు ఒక కొత్తాయన. ఆమె తలవంచుకుని విని, మర్నాడు యథాప్రకారం అడగసాగింది. నెల తిరిగాక ఆయనే వరస లేని వేళ చూసి మెల్లగా వచ్చి, తన పేరుకు అర్థం ఆ పుస్తకాల్లో ఎక్కడైనా తగిలిందా అని అడిగాడు. ఆ తరువాత ఎవరూ ఆ ఊసెత్తలేదు.

అలా పాతికేళ్ళు. నోటుపుస్తకాలు ఇరవై ఎనిమిది అయ్యాయి. ఇనప బీరువా కింది అరలో ఏడాది వారీగా పేర్చి ఉండేవి. వాటిని మళ్ళీ తెరిచి చదివిన సందర్భం మాత్రం ఆమెకు పెద్దగా రాలేదు. రాసుకోవడమే అలవాటయింది, అంతే. ఎందుకు రాస్తున్నావని అడిగితే చెప్పలేకపోయేది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం పద్దెనిమిదేళ్ళ పిల్ల ఒకతి కిటికీ ముందు నిలబడింది. భుజాన గుడ్డసంచి, నుదుటి మీద చెమట. పేరు మార్పు దరఖాస్తు ముందే నింపుకుని వచ్చింది. పాత పేరు గడి నిండి ఉంది. కొత్త పేరు గడి ఖాళీ. కారణం అన్నచోట పెద్ద అక్షరాలతో "నవ్వుతున్నారు" అని రాసింది.

పేర్లక్క పాత పేరు చూసింది. ఎందుకు నవ్వుతారో చెప్పనక్కర్లేదు. ఈ ఊరి మాటల్లో అది ఓటికుండను అనే మాట.

"బళ్ళో హాజరు వేసేటప్పుడు నా పేరు రాగానే అందరూ బల్ల మీద దెబ్బ వేసేవాళ్ళు మేడమ్. ఓటికుండ మోగినట్టు. టక్, టక్ అని. ఇప్పుడు కాలేజీలో చేరాలి. అక్కడా బల్లలుంటాయి కదా."

"మీ ఇంట్లో ఏ భాషమ్మా? మీ భాషలో దీనికి వేరే అర్థం ఉంటుందేమో."

"అమ్మది ఇక్కడే. నాన్నది వేరే దేశం. నాకు రెండేళ్ళప్పుడు జ్వరంతో పోయాడు. ఆయనే పెట్టాడట. అమ్మకు అర్థం తెలీదు. అర్థం లేదేమో మేడమ్, ఊరికే చప్పుడు."

పేర్లక్క ఆ పిల్ల పుట్టిన తేదీ చూసింది. కిటికీ మీద "భోజన విరామం" పలక వాల్చింది. విరామానికి ఇంకా పది నిమిషాలున్నాయని వరసలో ఎవరో గొణిగారు. ఆమె వినిపించుకోలేదు. పిల్లను పక్క తలుపులోంచి లోపలికి పిలిచి, బీరువా ముందు గొంతుక్కూర్చుని పుస్తకాలు తీసింది. ఆ ఏడాదివి రెండున్నాయి. రెండోదాంట్లో, సగం దాటాక, తన చేతిరాతే కనిపించింది. రాసిన జ్ఞాపకం లేదు. ఆ మనిషి మొహం గుర్తుకు రావడం లేదు. కానీ రాత తనదే. పైకి చదివింది:

"ఆడపిల్ల. తండ్రి ఓడలకు రంగు వేస్తాడు. తన తల్లి పేరు పెట్టాడు. వాళ్ళ ఊరి వాగు ఏడాదిలో ఎనిమిది నెలలు ఎండి ఉంటుందట. వానలు పడ్డాక ఇసుక మీదికి మొట్టమొదట పాకుతూ వచ్చే నీటిని ఆ మాట అంటారట. ఊరి పిల్లలంతా దాని ముందు పరుగెత్తుతూ కేకలు వేస్తారట. ఇక్కడ ఆ మాటకు అర్థం వేరని చెప్పాను. 'తెలుసు, పెద్దదై అడిగితే నేను చెప్పుకుంటాను' అన్నాడు."

పిల్ల పుస్తకం తనే తీసుకుని మళ్ళీ చదివింది. ఆఖరి వాక్యం మీద వేలు పెట్టి అలా ఉండిపోయింది. పేర్లక్క మంచినీళ్ళ గ్లాసు అందించింది. పిల్ల తాగలేదు.

"నేను అడిగేలోగా పోయాడు" అంది చివరికి.

తరువాత కొంచెం తేరుకుని, "మీ పేరేంటి మేడమ్?" అని అడిగింది. పేర్లక్క చెప్పింది. ఆ పిల్ల అందరిలాగే ఒక్క క్షణం ఆగి, నవ్వు మింగేసి, "మరి మీరు మార్చుకోలేదేం? కాగితాలన్నీ మీ దగ్గరే ఉంటాయిగా?" అంది.

"ఒకసారి నింపాను. కారణం అన్న గడి దగ్గర ఆగిపోయాను. మా నాన్న ఒకరోజు విసుక్కున్నాడు అని రాయాలి కదా. ఒక రోజు విసుగు కోసం నాన్న మొత్తాన్నీ కొట్టేసినట్టు ఉంటుందేమో అనిపించింది. నాకలా అనిపించింది. నీకూ అలాగే అనిపించాలని లేదు."

పిల్ల దరఖాస్తు మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. పోయే ముందు ఆ పేజీ నకలు తీసి చేతికిచ్చింది పేర్లక్క. ఇక ఆ పిల్ల రాదనుకుంది. లోలోపల గర్వంగా కూడా అనిపించింది. పాతికేళ్ళ రాతలు ఒకరి పేరు నిలబెట్టాయి కదా అని ఇంట్లో చెప్పుకుంది. భర్త, "చూద్దాం" అన్నాడు.

వారం తిరిగాక పిల్ల మళ్ళీ వచ్చింది. ఈసారి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. బక్కపలచని మనిషి. బట్టలు కుట్టే కార్ఖానాలో పని; జాకెట్టు భుజానికి గుచ్చిన సూది తియ్యడం మరిచిపోయి వచ్చింది.

"మేమిద్దరం ఒకరి భాష ఒకరికి సగం సగం వచ్చి కాపురం చేశామమ్మా" అందావిడ. "పేరుకు అర్థమేంటని నేనూ అడిగాను. వాళ్ళమ్మ పేరన్నాడు. తరువాత నీళ్ళు, నీళ్ళు అని, ఇలా చేతులు ఊపి పరుగెత్తినట్టు చూపించాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాళ్ళమ్మ నీళ్ళల్లో కొట్టుకుపోయిందనుకున్నాను. పాపం గాయం రేపడమెందుకని మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. పద్దెనిమిదేళ్ళు ఆవిడ మునిగి చచ్చిపోయిందనే అనుకుంటున్నాను. తీరా చూస్తే..." అని నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పేర్లక్క ఆవిడ చెయ్యి పట్టుకుంది. వెనక వరసలో ఎవరూ గొణగలేదు.

అప్పుడు పిల్ల సంచిలోంచి దరఖాస్తు తీసి కిటికీలోంచి లోపలికి తోసింది. కొత్త పేరు గడి నిండి ఉంది. ఎండిన వాగులో మొదటగా వచ్చే నీటిని తల్లి భాషలో, ఈ ఊరి మాటల్లో, ఏమంటారో ఆ మాట రాసింది. కారణం గడిలో "నవ్వుతున్నారు" కొట్టేసి, "అర్థం అదే" అని రాసింది.

పేర్లక్క మొహంలో రంగు మారింది. "నాన్న పెట్టిన మాట పోతుందేమోనమ్మా. ఇప్పుడు తెలిసింది కదా, ఇక నవ్వితే నవ్వనీ."

"నాకు తెలిసింది మేడమ్. బల్ల మీద కొట్టేవాళ్ళకు తెలీదుగా. ఒక్కొక్కరికీ మీ పుస్తకం చదివి వినిపించాలా?" పిల్ల గొంతులో దురుసు లేదు. "నాన్న నాకు ఇవ్వాలనుకున్నది ఆ నీళ్ళు. ఆ చప్పుడు కాదు. అదీ కావాలంటే అమ్మ పిలుస్తుంది, ఇంట్లో."

"నేను పిలుస్తాను. నాకు వేరే పేరు నోరు తిరగదు" అంది తల్లి.

నిబంధన ప్రకారం గుమస్తా అభిప్రాయం ఎవరూ అడగరు. పేర్లక్క ముద్ర వేసింది. సంతకం చేసింది. ఓడిపోయినట్టు ఉంది, ఎందుకో తేలిక పడినట్టూ ఉంది. అర్థం బాధపెట్టినా మాటను పట్టుకుని తను బతికింది. ఈ పిల్ల అర్థాన్ని పట్టుకుని మాటను వదిలేసింది. ఎవరిది సరైనదో ఆమెకు ఆ రోజు తేలలేదు. తరువాతా తేలలేదు.

ఒక్కటి మాత్రం తేలింది. పెద్దదై అడిగితే చెప్పుకుంటానన్న తండ్రులు ఆ పుస్తకాల్లో ఇంకెందరున్నారో. ఎంతమంది చెప్పారో, ఎంతమందికి చెప్పే వ్యవధి దొరికిందో. ఇన్నేళ్ళూ అడిగి అడిగి రాసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది. ఎవరి సొత్తు ఎవరి దగ్గరుంది? ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ఆమెకు తన మీద తనకే కోపంగా ఉంది.

మర్నాటినుంచి పద్ధతి మార్చింది. తల్లిదండ్రులు చెప్పింది పుస్తకంలో ఎక్కించుకున్నాక, అదే చిన్న కాగితం మీద రాసి జనన పత్రంతోబాటు వాళ్ళ చేతికే ఇచ్చేది. "ఇది పారేయకండి. పత్రం పోతే ఇంకోటి ఇస్తాం, ఇది పోతే మళ్ళీ దొరకదు" అని చెప్పేది. పాతవాళ్ళ కోసం నోటీసు బోర్డు మీద ఒక చీటీ అంటించింది. మొదట్లో ఎవరూ రాలేదు. ఆ పిల్ల తన కాలేజీలో చెప్పింది. ఒక్కరొక్కరుగా రావడం మొదలైంది. ఉద్యోగ విరమణ చేశాక కూడా శనివారం పొద్దున్న రికార్డు గదిలో ఆమెకో బల్ల వేయించారు. గడియారాల కొట్టు మూసి భర్త కూడా వచ్చి పుస్తకాలు వెతికి పెట్టేవాడు.

వచ్చినవాళ్ళందరూ తృప్తిగా వెళ్ళారని చెప్పలేం. తన పేరుకు గొప్ప అర్థం ఉందని నమ్ముకున్న ఒకాయనకు అది వాళ్ళ నాన్నకు నచ్చిన సబ్బు పేరని తేలింది. ఒకమ్మాయి తన పేరు పక్కన "తెలీదట" అని చూసి లేచి వెళ్ళిపోయింది.

కిందటి శనివారం బస్సు నడిపే ఒకతను వచ్చాడు. ముప్ఫై దాటిన మనిషి, ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు, కుర్చీలో సగమే పట్టాడు. తండ్రి కొలిమి పని చేసేవాడనీ, పోయిన నెలలోనే పోయాడనీ చెప్పాడు. పుట్టిన తేదీ ఇచ్చాడు. పేజీ దొరికింది కానీ పేర్లక్క పైకి చదవడానికి తటపటాయించింది.

"ఏమీ లేదు నాయనా. ఒక్క ముక్కే ఉంది."

"ఎంతుంటే అంతే చదవండమ్మా."

"'అర్థం లేదు. పలికి చూసుకుంటే బాగుందట.' అంతే."

అతను ముందుకు వంగాడు. "ఎవరన్నారు, మా నాన్నా?"

"తండ్రి చెప్పాడని రాసుకున్నాను."

"బాగుందన్నాడా?"

"ఔను."

అతను వెనక్కి ఆనుకున్నాడు. కుర్చీ కిర్రుమంది. "మా నాన్న నోట బాగుంది అన్న మాట నేను పుట్టి బుద్ధెరిగి విన్లేదమ్మా. కూర బాగున్నా అనేవాడు కాదు. నాకు ఉద్యోగం వచ్చిందంటే ఊఁ అన్నాడు." అరచేతులతో మొహం రుద్దుకున్నాడు. "అది కాస్త కాగితం మీద రాసిస్తారా?"

పేర్లక్క కలం తీసింది. ఆ ఒక్క ముక్కను తీరిగ్గా, గుండ్రంగా రాసింది. అతను సిరా ఆరేదాకా కాగితాన్ని ఎత్తకుండా బల్ల మీదే ఉంచి చూస్తూ కూర్చున్నాడు.